రాజీనామా ఇచ్చాక “ఉండిపో, జీతం పెంచుతాం” అంటే ఎలా తేల్చుకోవాలి?

విజయవాడలో చిన్నాచితకా కంపెనీలకు జీతాల లెక్కలు చేసిపెట్టడం నా పని. ఆటోనగర్‌లో లారీ షెడ్లు, వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్లు, సూర్యారావుపేటలో నర్సింగ్ హోమ్‌లు, గుంటూరు వైపు ఒకట్రెండు కోల్డ్ స్టోరేజీలు. ఎవరు ఎప్పుడు మానేశారు, మానేస్తానని చెప్పి ఆగిపోయింది ఎవరు, ఆగినందుకు వాళ్లకి ఏం ఒరిగింది, ఇదంతా నెలనెలా నా చేతి మీదుగానే పోతుంది. అందుకే తెలిసినవాళ్ల పిల్లలు ఫోన్ చేస్తుంటారు. “అక్కా, రిజైన్ చేశాను. మా సారేమో ఉండిపోమంటున్నారు, నాలుగు వేలు పెంచుతానంటున్నారు. ఏం చేయమంటావు?”

ఉండమనో వెళ్లమనో ఒక్క ముక్కలో చెప్పను. ఉండిపోయి బాగుపడ్డవాళ్లూ ఉన్నారు, ఉండిపోయి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. అందరికీ చెప్పేది మాత్రం ఒకటే: వచ్చే నెల పేస్లిప్‌లో ఏం మారుతుందో, డ్యూటీ చార్టులో ఏం మారుతుందో చూడండి. ఆ రెండింటిలో కనబడని మాట ఎంత ప్రేమగా చెప్పినా లెక్కలోకి తీసుకోవద్దు.

లెటర్ ఇచ్చే ముందే కారణం రాసుకోండి

రాజీనామా ఇవ్వకముందే, ఇంకా ఎవరూ బతిమాలకముందే, ఎందుకు మానేస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో అయినా సరే. “జీతం చాలట్లేదు” అని రాసి ఊరుకోవద్దు, ఇంకాస్త లోపలికి వెళ్లండి. జీతం అసలే తక్కువా, లేక మీ తర్వాత చేరినవాళ్లకి మీకన్నా ఎక్కువ ఇచ్చారనా? పని నేర్చుకోవడం ఆగిపోయిందా? ఆదివారాలు కూడా పిలుస్తున్నారా? పైవాడి నోరు భరించలేకపోతున్నారా? మీరు పని చేస్తే పేరు ఇంకొకరికి పోతోందా?

ఎందుకు ముందే అంటున్నానంటే, ఒకసారి డబ్బు మాట చెవిన పడ్డాక మన మనసే మన కారణాన్ని మార్చేస్తుంది. అప్పటిదాకా నిద్ర పట్టనివ్వని విషయం కూడా “అదేం పెద్ద సమస్య కాదులే” అనిపిస్తుంది.

సూర్యారావుపేటలో ఒక స్టాఫ్ నర్సు సంగతి చెబుతాను. నైట్ డ్యూటీలు తట్టుకోలేక రాజీనామా ఇచ్చింది. ఇంట్లో చంటిబిడ్డ, అత్తగారికి ఒంట్లో బాగుండదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంకో ఆస్పత్రిలో పగటి డ్యూటీ దొరికింది, జీతంలో పెద్ద తేడా ఏమీ లేదు. ఇక్కడి మేనేజ్‌మెంట్ వెంటనే మూడు వేలు పెంచుతామంది. “డబ్బు గురించి కాదు సార్, నైట్లు చేయలేను” అని ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ అదే చెప్పింది. చివరికి ఓపీకి మార్చారు. ఆ నెల డ్యూటీ చార్టులోనే పేరు మారింది, జీతం ఒక్క రూపాయి పెరగలేదు. ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది, హాయిగా ఉంది.

ఆటోనగర్‌లో డీజిల్ పంపు పని బాగా తెలిసిన కుర్రాడి కథ దీనికి పూర్తిగా వేరు. ఓనరు గారి అబ్బాయి కస్టమర్ల ముందే నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఇతనేమో లెటర్‌లో “వ్యక్తిగత కారణాల వల్ల” అని రాశాడు. పెద్దాయన మంచివాడు, అడగ్గానే నాలుగు వేలు పెంచాడు. కానీ అసలు కారణం ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆయనకి ఏం సరిచేయాలో తెలియలేదు. తిట్లు తిట్లలాగే ఉన్నాయి, పైగా “నాలుగు వేలు ఎక్కువ తీసుకుంటున్నావ్ కదా” అన్న మాట ఒకటి కొత్తగా చేరింది. కొన్నాళ్లకి ఎలాగూ మానేశాడు. అప్పటికి ఇబ్రహీంపట్నంలో అతనికి ఇస్తామన్న ఉద్యోగం ఇంకొకరికి వెళ్లిపోయింది.

కాబట్టి రాసుకున్న కారణం పక్కన ఒక్క ప్రశ్న వేసుకోండి: దీన్ని సరిచేసే అధికారం నన్ను ఉండమంటున్న ఈ మనిషికి ఉందా, చేస్తానని అన్నాడా? రెండింటికీ అవును అయితేనే మిగతా లెక్కలు చూడండి. లేకపోతే ఎన్ని వేలు పెంచినా ఆలోచించనక్కర్లేదు.

మొహమాటం

మనవైపు ఎక్కువమంది ఒప్పుకునేది డబ్బు చూసి కాదు, మొహం చూసి. ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

వన్‌టౌన్‌లో ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ కొట్లో, నేను లెక్కలు చూస్తుండగానే జరిగింది. స్టాకు చూసే కుర్రాడు లెటర్ ఇచ్చాడు. షావుకారు చదవలేదు, మడిచి గల్లాపెట్టె కింద పెట్టారు. టీ చెప్పారు. “మీ నాన్న నిన్ను నా చేతుల్లో పెట్టి వెళ్లాడ్రా. మా వాడికి ఎంతో నువ్వూ అంతే. ఇల్లు కట్టేటప్పుడు అడ్వాన్స్ అడిగితే కాదన్నానా?” అన్నారు. ఆ తర్వాత బిల్లు బుక్కు వెనక అట్ట మీద ఒక అంకె రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీసి, కుర్రాడి వైపు తిప్పారు. కుర్రాడు ఆ అంకె చూశాడో లేదో కూడా నాకు అనుమానమే. కళ్లనిండా నీళ్లు. టీ చల్లారేలోపే “సరేనండి” అన్నాడు.

షావుకారు గారి ప్రేమ నిజమే. అది నాటకం అని నేను అనను. కానీ జీతాల పుస్తకంలో ఆ అంకె ఎలా ఎక్కిందో నాకు తెలుసు. మరుసటి ఏప్రిల్‌లో అందరికీ ఇంక్రిమెంట్లు వేసినప్పుడు ఈ కుర్రాడి పేరు పక్కన ఖాళీ. “వాడికి మొన్ననే పెంచాం కదమ్మా” అన్నారు. అంటే ఆరు నెలల తర్వాత ఎలాగూ రావాల్సిన పెంపునే ముందుకు జరిపి ఇచ్చారు. ఆ కుర్రాడు అడగాల్సింది ఒక్క మాట: “ఇది ఏప్రిల్ ఇంక్రిమెంట్‌కి అదనమా, అదేనా?” ఆ ప్రశ్న అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది.

అందుకని ఇది పాటించండి. ఉండమని అడిగిన రోజున, అడిగిన గదిలో, ఒప్పుకోవద్దు, కాదనొద్దు. “మీరు ఇంత విలువ ఇచ్చినందుకు సంతోషం అండి. ఇంట్లో మాట్లాడి ఎల్లుండి సాయంత్రం చెప్తాను” అనండి. మర్యాదకి లోటు రాదు, మీకు రెండు రాత్రులు దొరుకుతాయి. “ఇప్పుడే చెప్పాలి” అని పట్టుబట్టారంటే, ఆ ఆఫర్ రెండు రోజులు కూడా నిలబడదని అర్థం.

ఇంకో సంగతి. చిన్న ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకి తరచూ జరిగేది, సార్ నేరుగా వాళ్ల నాన్నకి ఫోన్ చేయడం. తెనాలిలోనో నూజివీడులోనో ఉన్న ఆయనకి విషయం పూర్తిగా తెలియదు, “పెద్దాయన అంతగా అడుగుతున్నాడు, కాదనకు” అంటాడు. లెటర్ ఇచ్చే ముందు రోజే ఇంట్లో చెప్పి ఉంచండి, కారణంతో సహా.

కంపెనీ దగ్గర మీరు తీసుకున్న అడ్వాన్స్ బాకీ ఉంటే దాన్ని ముందే లెక్క తేల్చుకోండి. అడ్వాన్స్ తీర్చలేక ఉండిపోయినవాళ్లని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. కొత్త కంపెనీని అడిగితే జాయినింగ్ బోనస్ రూపంలోనో, మొదటి నెల అడ్వాన్స్‌గానో సర్దిన సందర్భాలు ఉన్నాయి. అడగడంలో తప్పు లేదు.

చేతికి ఎంత వస్తుందో లెక్క వేయండి

“మూడు వేలు పెంచుతాం” అంటే చేతికి మూడు వేలు రాదు. ఎందులో పెంచుతున్నారన్నది ముఖ్యం. ఒక లెక్క చూపిస్తాను.

నెల జీతం 19,500, అందులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల వేతనం) 12,000 అనుకోండి. పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. ఈఎస్ఐ (ఉద్యోగికి, కుటుంబానికి వైద్యం అందించే ప్రభుత్వ బీమా) 0.75 శాతం, పై రూపాయికి సర్దితే 147. వృత్తి పన్ను మన ఆంధ్రప్రదేశ్‌లో 15,000 దాటిన దగ్గర్నుంచి 20,000 దాకా 150. ఇవన్నీ పోగా చేతికి 17,763. ఇప్పుడు 22,000 చేస్తామన్నారు, కానీ బేసిక్ ముట్టుకోకుండా అలవెన్సుల్లో పెంచారు. పీఎఫ్ అదే 1,440. వృత్తి పన్ను 20,000 దాటింది కాబట్టి 200. ఈఎస్ఐ కోత లేదనుకుంటే చేతికి 20,360. నికరంగా పెరిగింది 2,597.

ఈఎస్ఐ కోత పోయింది కదా, మంచిదే అనుకోకండి. ఈఎస్ఐకి లెక్కించే వేతనం నెలకు 21,000 దాటితే ఆ పథకం మీకు వర్తించదు. మీ 0.75 శాతంతో పాటు యజమాని కట్టే 3.25 శాతం కూడా ఆగిపోతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి అని రెండు విడతలు ఉంటాయి. మధ్యలో జీతం పెరిగితే ఆ విడత చివరిదాకా చందా కొనసాగుతుంది, ఆ తర్వాత తీసేస్తారు. ఇంట్లో అమ్మకి గుణదల ఈఎస్ఐ ఆస్పత్రి నుంచి షుగరు మందులు తెచ్చుకుంటున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. పెరిగిన రెండున్నర వేలలో మందులకి ఎంత, కుటుంబం మొత్తానికి ఇన్సూరెన్స్ తీసుకుంటే ఎంత అని చూడండి. “గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తారా, అమ్మానాన్నలకి కూడా వర్తిస్తుందా?” అని అడగండి. ఈ ప్రశ్న కొత్త కంపెనీనీ అడగాలి, అక్కడ జీతం 25,000 అయితే అక్కడా ఇదే సమస్య.

మానేసేటప్పుడు చేసిన సర్వీసుకి యజమాని ఇచ్చే గ్రాట్యుటీ సంగతి చాలామందికి గుర్తుండదు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, పర్మనెంట్ ఉద్యోగికి 5 ఏళ్ల సర్వీసు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. ఆఖరి బేసిక్‌ని (కరువు భత్యం ఉంటే అదీ కలిపి) 15తో గుణించి, 26తో భాగించి, ఎన్నేళ్లు చేశారో దానితో గుణించాలి. బేసిక్ 15,000 అయితే 5 ఏళ్లకి సుమారు 43,269 రూపాయలు. మీకు 5 ఏళ్లు నిండడానికి రెండు మూడు నెలలే ఉంటే, కౌంటర్ ఆఫర్ (ఉండిపోతే పెంచుతామన్న మాట) సంగతి పక్కన పెట్టి, కొత్త కంపెనీని జాయినింగ్ తేదీ కాస్త వెనక్కి జరపమని అడగండి. అప్పుడు ఆ సొమ్మూ వస్తుంది, కొత్త ఉద్యోగమూ పోదు.

పాతకాపులకి ఇంకో మెలిక ఉంది. గ్రాట్యుటీని ఆఖరి బేసిక్ మీదే లెక్కిస్తారు కాబట్టి, ఇప్పుడు పెంచే డబ్బు బేసిక్‌లో పడితే వెనకటి ఏళ్లన్నిటికీ కలిసొస్తుంది. పదేళ్ల సర్వీసు, బేసిక్ 18,000 ఉన్నవాళ్లకి గ్రాట్యుటీ సుమారు 1,03,846. అదే బేసిక్ 21,000 అయితే 1,21,154. యజమాని అలవెన్సులో పెంచుదాం అనేది కూడా అందుకే. ఉండిపోవాలని తేల్చుకుంటే మాత్రం బేసిక్‌లో పెంచమని అడగండి. పీఎఫ్ కోత కాస్త పెరిగి చేతికి వచ్చేది తగ్గొచ్చు, అది మీ డబ్బే, ఎక్కడికీ పోదు.

పెద్ద కంపెనీలు సీటీసీ అని, మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు అంకె చెబుతాయి. యజమాని కట్టే పీఎఫ్, గ్రాట్యుటీకి పక్కన పెట్టే మొత్తం, వస్తుందో రాదో తెలియని పనితీరు బోనస్ అన్నీ అందులో ఉండొచ్చు. కాబట్టి రెండు కంపెనీల సీటీసీలు పోల్చి లాభం లేదు, నెలకు చేతికి వచ్చేవి పోల్చండి. హైదరాబాద్ ఆఫర్ అయితే హాస్టల్ లేదా ఇంటి అద్దె, నెలకు రెండుసార్లు రాకపోకలు తీసేసి చూడండి. పటమటలో సొంతింట్లో ఉండి తీసుకునే 30,000కీ, అమీర్‌పేట్ హాస్టల్‌లో ఉండి తీసుకునే 40,000కీ మిగిలేదానిలో మీరు అనుకున్నంత తేడా ఉండకపోవచ్చు. అయినా పని నేర్చుకోవడానికే వెళ్తున్నట్టయితే ఈ లెక్క చూసి ఆగొద్దు.

ఏ నెలలో అడుగుతున్నారు?

గుంటూరు మిర్చి వ్యాపారంలో, కోల్డ్ స్టోరేజీల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మనిషిని వదులుకోలేరు. కాలేజీల వాళ్లకి జూన్‌లో లెక్చరర్ వెళ్లిపోతే క్లాసులు ఆగుతాయి. బట్టల కొట్లకి దసరా, దీపావళి. మా అకౌంట్స్ వాళ్లకి మార్చి. సీజన్ మధ్యలో వచ్చిన కౌంటర్ ఆఫర్‌ని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి. మీకు ఇచ్చే నాలుగు వేలు, ఆ మూడు నెలలు గడవడానికి వాళ్లు పెట్టే ఖర్చు కూడా కావొచ్చు. ఉండిపోయాక “మీ పక్కన ఒకరిని పెడుతున్నాం, పని నేర్పండి” అని వెంటనే అన్నారంటే జాగ్రత్త పడాలి. సీజన్ లేని నెలలో, ఏ తొందరా లేనప్పుడు ఉండమన్నారంటే ఆ మాటకి బరువు ఎక్కువ.

ఉండిపోతే ఇవి కాగితం మీద ఉండాలి

ఇచ్చిన రాజీనామా లెటర్ ఫైల్‌లోనే ఉంటుందని చాలామంది మర్చిపోతారు. ఉండిపోతున్నట్టయితే, ఫలానా తేదీన ఇచ్చిన రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాననీ, సర్వీసు మధ్యలో తెగకుండా కొనసాగుతుందనీ మీరు లెటర్ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. లేకపోతే మూడు నెలల తర్వాత ఏదైనా తేడా వచ్చినప్పుడు “నువ్వే రాజీనామా ఇచ్చావుగా” అనే అవకాశం వాళ్ల చేతిలో ఉంటుంది.

పెంచిన జీతం ఏ నెల నుంచి, అందులో బేసిక్ ఎంత, ఏప్రిల్ ఇంక్రిమెంట్ విడిగా ఉందా, మార్చుతామన్న షిఫ్టు లేదా హోదా ఎప్పటి నుంచి అనేవి రాయించుకోండి. కొత్త లెటర్ ఇస్తే పూర్తిగా చదవండి. జీతం పెంచి, నోటీస్ పీరియడ్‌ని (రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచేయాల్సిన గడువు) 30 రోజుల నుంచి 90 రోజులకి మార్చిన లెటర్లు నా చేతికి వచ్చాయి. ఉండిపోయినందుకు ఒకేసారి బోనస్ ఇస్తామంటే, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూడండి.

కాగితం ఇచ్చే అలవాటు లేని కొట్లు మనవైపు చాలా ఉన్నాయి. అక్కడ లెటర్ అడిగితే నమ్మకం లేదా అంటారు. అప్పుడు మీరే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: “నమస్కారం సార్. మనం అనుకున్నట్టు వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నా జీతం 24,000, అందులో బేసిక్ 15,000. ఏప్రిల్ ఇంక్రిమెంట్ మామూలుగానే ఉంటుంది. మొన్న ఇచ్చిన రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను. నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా అండి?” అటు నుంచి “ఓకే” అని వస్తే చాలు. ఎంతకీ జవాబు రాకపోతే కొత్త ఉద్యోగానికి కాదని చెప్పకండి.

కొత్త కంపెనీకి ఇచ్చిన మాట

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాక వెనక్కి తగ్గడం తేలికైన విషయం కాదు. విజయవాడ, గుంటూరుల్లో ఒక్కో వ్యాపారంలో అందరూ అందరికీ తెలుసు. మందుల డిస్ట్రిబ్యూటర్ల దగ్గరైనా, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లోనైనా “ఆ అబ్బాయి చేరతానని చేరలేదు” అన్న మాట చాలా రోజులు తిరుగుతుంది. అయినా ఉండిపోవడమే సరైందని తేలితే, ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. చేరాల్సిన రోజు దాకా లాగి, ఫోన్ ఎత్తకుండా ఉండటం మాత్రం చేయకండి, వాళ్లు మీ కోసం ఇంకొకరిని వద్దని ఉంటారు.

జీతం పెంచుకోవడానికే ఉత్తుత్తి రాజీనామా ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. పెంపు కావాలంటే నేరుగా అడగండి. బయటి ఆఫర్ చేతిలో లేకుండా లెటర్ ఇచ్చి, “సరే, వెళ్లు” అనిపించుకుని రోడ్డున పడ్డ కుటుంబాలు నాకు తెలుసు.

వెళ్లాలని తేల్చుకుంటే

అనుకున్న రోజు సాయంత్రం స్వయంగా వెళ్లి చెప్పండి. “మీరు అడిగినందుకు రుణపడి ఉంటానండి. బాగా ఆలోచించాను, వెళ్లాలనే నిర్ణయించుకున్నాను. నోటీస్ పీరియడ్ పూర్తిగా చేస్తాను, పని ఎవరికి అప్పగించమంటే వాళ్లకి నేర్పి వెళ్తాను” అంటే చాలు. కొత్త జీతం ఎంతో చెప్పనక్కర్లేదు, చెబితే మళ్లీ బేరం మొదలవుతుంది. “ఇంకో రెండు వేలు” అన్నప్పుడు కూడా అదే జవాబు, అదే గొంతుతో చెప్పండి.

కాలేజీ లెక్చరర్లు, నర్సులు ఒరిజినల్ సర్టిఫికెట్లు మేనేజ్‌మెంట్ దగ్గర ఉంటే, నోటీస్ మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి. ఆఖరి రోజున అడిగితే ఎవరో ఒకరు సెలవులో ఉంటారు. రిలీవింగ్ లెటర్, ఆఖరి పేస్లిప్ తీసుకోండి, పన్ను కోసి ఉంటే ఆ కోతకి ఇచ్చే సర్టిఫికెట్ కూడా. పీఎఫ్ డబ్బు డ్రా చేయకుండా పాత యూఏఎన్ (మీ పీఎఫ్ గుర్తింపు) నంబరే కొత్త కంపెనీకి ఇచ్చి బదిలీ చేయించుకోండి. 5 ఏళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను కూడా పడొచ్చు. పాత కంపెనీ మీరు మానేసిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో ఎక్కించిందో లేదో తర్వాత ఒకసారి చూసుకోండి. ఎక్కించకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత మీ లాగిన్‌లోంచి మీరే ఎక్కించుకోవచ్చు, దాని కోసం పాత ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు.